హిమము లేని మహేంద్రగిరి: పర్వత భూగోళము, పర్వత విహారము

గంజాం ప్రాంతమున తెలుగు చదువుకొను బాలబాలికలకు భూగోళమున కష్టమైన పాఠ మేది యని యడిగినచో, హిమానీనదములను గూర్చిన పాఠమని చెప్పవలసియుండును. నది యనిన వారికి తెలియును. ఋషికుల్య సమీపముననే యున్నది. సముద్రము తెలియును, గోపాలపురము పది పదునైదు కిలోమీటర్ల దూరమున నున్నది. కొండయు తెలియును, నిర్మలమైన దినమున మహేంద్రగిరి నీలిగీతవలె కనబడును. కాని కొండపై నిలిచి, సంవత్సరము పొడవునను కరగక, తన బరువుతో తానే దిగివచ్చు మంచుగడ్డల నదిని మన పిల్ల లూహింపజాలరు.

ఇందుకు మన భాషయు కొంత కారణము. "మంచు" అను నొక్క మాట తెలుగున నాలుగైదు వస్తువులకు పేరైనది. పుష్యమాసపు వేకువను గడ్డిపరకపై నిలిచిన నీటిబొట్టును మంచందుము. దారి కనబడకుండ క్రమ్మిన పొగను మంచందుము. హిమాలయముపై దూదివలె రాలునదియు మంచే. గోపాలపురమున చేపల బుట్టలలో పోయు గడ్డయు మంచుగడ్డయే. మన యిరుగుపొరుగున నున్న ఒడియావారు మొదటిదానిని "కాకర" యనియు, రెండవదానిని "కుహుడి" యనియు, గడ్డను "బరఫ్" అనియు వేర్వేరుగా పిలుతురు. కాకర యనగానే మన యింటి పిల్లవానికి కూర గుర్తునకు వచ్చుట వేరు సంగతి. సంస్కృతమునుండి హిమము, తుహినము, నీహారము, ప్రాలేయము మున్నగు పదములు మనకు సమృద్ధిగా వచ్చినవి. అయితే కవులు వానిని ఛందస్సున కనుకూలముగా వాడుకొనిరే కాని, శాస్త్రమునకు వలయు నర్థభేదమును పాటింపలేదు. కావున "మంచుకొండ" యనగానే మన విద్యార్థి పొగమంచు క్రమ్మిన మహేంద్రగిరినే తలచుకొనును. ఈ వ్యాసమున ఆకాశమునుండి రాలు తెల్లని పొడిని "హిమము" అనియు, అది గట్టిపడగా నేర్పడునది "మంచుగడ్డ" యనియు, ఆ గడ్డ ప్రవాహముగా కదలినచో "హిమానీనదము" అనియు వ్యవహరింపబడును.

మహేంద్రగిరికి హిమము లేదు. ఆ లేమి యెందువలన కలిగినది? హిమాలయమున హిమము చేయు పనిని ఇచ్చట నెవరు చేయుచున్నారు? ఆ కొండపైకి వినోదమునకై పోవు మనము దాని నెరిగి యెట్లు నడుచుకొనవలెను? ఈ మూడు ప్రశ్నలే యీ వ్యాసమునకు విషయము.

మహేంద్రగిరి ఉనికి

మహేంద్రగిరి తూర్పు కనుమలలోని యొక శిఖరము. ఎత్తు 1,501 మీటర్లు. ఒడిశాలోని అత్యున్నత శిఖరమైన కోరాపుట్ జిల్లా దేవమాలి 1,672 మీటర్లు కాగా, దానికంటె మహేంద్రగిరి కొంచెము తక్కువ. అయినను చూపునకు మహేంద్రగిరియే గంభీరముగా తోచును. దేవమాలి పీఠభూమిపై లేచినది. మహేంద్రగిరియో, సముద్రమునకు సుమారు 25 కిలోమీటర్ల దూరముననే, తీరపు మైదానమునుండి నిలువుగా లేచినది.

ఈ గిరి మొదట గంజాం జిల్లాలోనిది. 1936 ఏప్రిల్ 1వ తేదీన ఒరిస్సా రాష్ట్ర మేర్పడినప్పుడు మద్రాసు రాజధానిలోని గంజాం విభజింపబడి, బరంపురము, పర్లాకిమిడి మొదలగునవి ఆ రాష్ట్రమున చేరినవి. 1992 అక్టోబరు 2వ తేదీన గంజాంనుండి గజపతి జిల్లా వేరుపడినది. నాటినుండి మహేంద్రగిరి గజపతి జిల్లాలోని దైనది. అయితే కొండనుండి దిగు నీరు ఈ హద్దులను పాటింపదు. మహేంద్రతనయ యను పేర రెండేరులు ఈ కొండల ప్రాంతమునుండి బయలుదేరుచున్నవి. ఒకటి గొట్టా ఆనకట్టకు ఎగువన వంశధారలో కలియును. మరియొకటి శ్రీకాకుళం జిల్లాలోని బారువకడ సముద్రమును చేరును. ఒడిశా వర్షము ఆంధ్ర పొలమును తడుపుచున్నది.

కొండపై భీముని గుడి, యుధిష్ఠిరుని గుడి, కుంతి గుడి యనువాడుక గల ప్రాచీన దేవాలయములున్నవి. కుంతి గుడియందలి గోకర్ణేశ్వరుడు కళింగ గాంగరాజుల కులదైవము. పరశురాము డిచ్చట తపస్సు చేయుచున్నాడని జనుల నమ్మకము. కాళిదాసు రఘువంశమున రఘువు దిగ్విజయమును వర్ణించుచు కళింగదేశముతో నీ మహేంద్రమును స్మరించెను.

హిమము లేకపోవుటకు కారణము

ఎత్తునకు పోయినకొలది చలి హెచ్చునని యందర మెరుగుదుము. సగటున వేయి మీటర్ల కారున్నర డిగ్రీల చొప్పున ఉష్ణోగ్రత తగ్గును. బరంపురమున సంవత్సరపు సగటు ఉష్ణోగ్రత సుమారు 27 డిగ్రీలు. ఈ లెక్కను బట్టి మహేంద్రగిరి శిఖరమున అది 17 డిగ్రీల ప్రాంతమున నుండవలెను. ఆ చలి కంబళికి చాలును గాని, హిమమునకు చాలదు. ఇదే లెక్కను పైకి కొనసాగించినచో, మన యక్షాంశమున సగటు ఉష్ణోగ్రత సున్నకు చేరుటకు 4,000 మీటర్లు దాటవలెను. అచ్చట హిమము పడవచ్చును; కాని వేసవిలో కరగిపోవును. పడినంత కరగక నిలుచుటకు 5,000 మీటర్ల ప్రాంతమునకు పోవలసియుండును.

ఈ మాట కేవలము గణితము కాదు. దీనికి భూమిపై నొక సాక్ష్యము కలదు. మహేంద్రగిరి ఇంచుమించు 19 డిగ్రీల ఉత్తర అక్షాంశముపై నున్నది. అదే యక్షాంశముపై పడమరగా భూగోళమును చుట్టిపోయినచో, మెక్సికో దేశమున ఒరిజాబా యను నగ్నిపర్వతము తగులును. దాని యెత్తు 5,636 మీటర్లు. ఆ పర్వతపు ఉత్తరపు వాలున నేటికి నొక చిన్న హిమానీనద మున్నది. అదియు నేటేట క్షీణించుచున్నది. సూర్యు డిరువురికి నొకడే, అక్షాంశ మిరువురికి నొకటే. ఎత్తు మాత్రమే వేరు. మన మహేంద్రగిరి ఇప్పటి యెత్తునకు మూడింతలకు మించి యెదిగి యుండినచో దానిపైనను హిమము నిలిచియుండెడిది.

గంజాంనకు పడమరగా కంధమాల్ జిల్లాలో దారింగిబాడి కలదు. దానిని "ఒడిశా కాశ్మీరము" అని ముచ్చటగా పిలుతురు. శీతకాలపు కొన్ని వేకువలయందు అచ్చటి గడ్డి తెల్లబారును. చూడబోయినవారు హిమము పడినదని యందురు. అది ఆకాశమునుండి పడినది కాదు. గాలిలోని తేమ గడ్డిపైననే పేరుకొని గడ్డకట్టినది. ప్రొద్దెక్కగానే మాయమగును. హిమమునకును దీనికిని గల భేదమును పిల్లలకు చూపుటకు అది చక్కని తావు.

హిమానీనదము చేయు పని

హిమము నిలిచిన పర్వతమెట్లుండునో తెలిసికొనుటకు హిమాలయమును చూడవలెను. పడమట నంగపర్వతమునుండి తూర్పున నామ్చా బర్వా వరకు సుమారు 2,400 కిలోమీటర్ల పొడవున విల్లువలె వంగిన శ్రేణి యది. భారత భూఖండము ఆసియాను సుమారు 5 కోట్ల సంవత్సరముల క్రిందట తాకుటవలన పైకి లేచినది. శివాలిక్కు, హిమాచల, హిమాద్రి యను మూడు వరుసలలో నుత్తరపుదైన హిమాద్రియందే గొప్ప హిమానీనదము లున్నవి.

అక్కడ ఏటేట పడు హిమము పొరపై పొరగా పేరుకొనును. పై పొరల బరువునకు క్రింది పొరలు నలిగి, గాలి వెడలిపోయి, మొదట గులకలవలెను, పిదప నీలిఛాయగల గట్టి గడ్డగాను మారును. తగినంత మందము కలిగినపుడు ఆ గడ్డ తన బరువుతో తాను పల్లమునకు జారును. దినమునకు కొన్ని అంగుళములు, కొన్నిచోట్ల ఒకటి రెండడుగులు దాని నడక. గంగోత్రి హిమానీనదము సుమారు 30 కిలోమీటర్లు పొడవైనది. దాని కొసయే గోముఖము. భాగీరథి యచ్చటనే వెలువడుచున్నది.

ఈ నడకలో నా గడ్డ పర్వతమును చెక్కును. అడుగున చిక్కిన రాళ్లు ఆకురాయి పండ్లవలె పనిచేసి నేలబండను రాచును. బండపై సమాంతరములైన గీతలు పడును. నదీప్రవాహము లోయను క్రిందికి మాత్రమే కోసి ఇరుకుగా చేయును. మన మహేంద్రతనయ యెగువ లోయ లట్టివే. హిమానీనదము లోయ యంతటిని నింపుకొని నడచును గాన ప్రక్కలనుగూడ తొలిచి, దానిని తొట్టివలె వెడల్పుగా, గుండ్రని యడుగుగలదిగా చేయును. శిఖరపు ప్రక్కను చేతుల కుర్చీవలె గుంట చేయును. అట్టి గుంటలు రెండు ఇరుప్రక్కల చేరినచో నడుమ కత్తివాదరవంటి గట్టు మిగులును. మూడు నాలుగు చేరినచో నడుమ కొమ్మువంటి శిఖరము మిగులును. గంగోత్రికి పైని శివలింగ శిఖరము, 6,543 మీటర్లది, ఇట్లు చెక్కబడినదే. మన కొండల శిరస్సులు గుండ్రనివి. హిమాలయ శిఖరములు వాడియైనవి. వయస్సునందలి భేదముతోపాటు పనిముట్టునందలి భేదమును దీనికి కారణము.

మరియొక లక్షణమును పాఠకులు ప్రత్యేకముగా గుర్తుంచుకొన గోరెదను. నది తాను తెచ్చిన సరకును చేటతో చెరిగినట్లు వేరుపరచును: బరువైన రాళ్లు ముందు, ఇసుక పిదప, ఒండ్రుమట్టి చివర. హిమానీనదమున కా వివేచన లేదు. ఏనుగంత బండను, పిండివంటి మన్నును కలిపి మోసికొనివచ్చి, కరగినచోట రెంటిని నొక్కటిగా కుప్పవేయును. ఇట్టి కుప్ప యెచ్చట కనబడినను, అచ్చట నొకనాడు మంచుగడ్డ యుండెనని శాస్త్రజ్ఞు లనుమానింతురు.

మన నేలపై పూర్వపు హిమము

అట్టి కుప్ప యొడిశాలోనే కనబడినదనుట మన పాఠ్యపుస్తకములు నొక్కి చెప్పని విషయము. అంగుల్ జిల్లాలోని తాల్చేరు బొగ్గుగనులకు ప్రసిద్ధము. 1856లో ఆ బొగ్గుక్షేత్రమును పరిశీలించిన బ్లాన్‌ఫర్డ్ సోదరులు, థియోబాల్డు అనువారలు బొగ్గుపొరలకు అడుగున నొక వింతయైన పొరను చూచిరి. మెత్తని సన్నని మట్టిలో పెద్ద పెద్ద గుండ్లు పొదిగినట్లుండెను. అంత పెద్ద గుండ్లను మోయగల ప్రవాహము అంత సన్నని మట్టిని నిలువనీయదు. మంచుగడ్డయే వానిని మోసి తెచ్చియుండవలెనని వారు తలచిరి. ఎండలు మండు నీ దేశమున మంచుగడ్డ యేమని సందేహించుట సహజము. 1872లో ఫెడ్డెన్ అను భూగర్భశాస్త్రజ్ఞుడు చాందా ప్రాంతమున పెన్‌గంగ తీరమందలి ఇరాయి యొద్ద అదే పొర క్రింది నేలబండ నునుపై, గీతలు పడియుండుటను చూచెను. ఆకురాయి గీతలు దొరకినపిదప సందేహమునకు తావు తగ్గినది. తెలంగాణమున గోదావరి లోయయందలి బొగ్గుపొరల క్రిందను తాల్చేరు పొర కలదు.

ఇది సుమారు 30 కోట్ల సంవత్సరముల క్రిందటి మాట. అప్పటికి హిమాలయము పుట్టలేదు. భారత భూమి ఆఫ్రికా, ఆస్ట్రేలియా, అంటార్కిటికాలతో నొక్కటిగా నుండి, దక్షిణ ధ్రువమునకు సమీపమున నుండెను. ఆ మహాఖండమునకు గోండ్వానా యని పేరు. హిమము తొలగిన పిదప ఆ నేలపై పెరిగిన యడవులే కాలక్రమమున తాల్చేరు బొగ్గుగను, సింగరేణి బొగ్గుగను మారినవి.

తూర్పు కనుమల రాతికిని ఆ దక్షిణ దేశముతో బంధుత్వ మున్నది. ఈ కనుమలయందు విరివిగా దొరకు నొక రాతికి 1902లో వాకర్ అను శాస్త్రజ్ఞుడు ఇచ్చటి కొండవాసులగు ఖోండుల పేర "ఖోండలైటు" అని నామకరణము చేసెను. ఈ ప్రాంతపు రాళ్లు సుమారు 100 కోట్ల సంవత్సరముల క్రిందట భూగర్భమున వేడిమికి, ఒత్తిడికి లోనై యిప్పటి రూపమును పొందినవి. అదే కాలమున అదే రీతిని మారిన రాళ్లు తూర్పు అంటార్కిటికాలో నున్నవి. రెండును ఒక్క పర్వతపంక్తిలోని భాగములే యనియు, సుమారు 13 కోట్ల సంవత్సరముల క్రిందట భారతము విడివడి ఉత్తరముగా సాగినపుడు వేరైనవనియు శాస్త్రజ్ఞుల నిర్ణయము. 2012లో మనదేశము అంటార్కిటికాలో స్థాపించిన "భారతి" పరిశోధన కేంద్రము ఆ తీరముననే యున్నది. అన్నదమ్ములలో నొకడు మంచుగడ్డ క్రిందను, ఒకడు అడవి క్రిందను ఉన్నట్లు!

నీటి నిలువ

ఇక ప్రధానమైన ప్రశ్న. హిమము పర్వతమునకు కేవలము అలంకారము కాదు. అది నీటి గాదె. శీతకాలమున పడిన హిమము వేసవిలో, పంటకును దప్పికకును నీరు కావలసిన కాలమున, కొంచెము కొంచెముగా కరగి నదులలోనికి దిగును. గంగకు మొత్తముమీద వర్షపు నీరే యెక్కువ. అయినను యెగువ లోయలలో వేసవి ప్రవాహమునకు హిమమే యాధారము. ఆ గాదెయు తరుగుచున్నది. 1935లో భూగర్భశాఖవారు గోముఖమును కొలిచి పటము గీసిరి. నాటినుండి నేటికి దాని కొస ఒక కిలోమీటరునకు పైగా వెనుకకు పోయినది.

మహేంద్రగిరికి గాదె యేది? ఇచ్చట సంవత్సరపు వర్షములో నధికభాగము జూన్ నెలనుండి అక్టోబరు లోపల కురియును. పడినది హిమమై నిలువదు. కొండనుండి కడలికి 25 కిలోమీటర్లే గాన అడ్డు లేనిచో ఆ నీరు ఒక్క దినములో బారువ చేరును. చైత్రవైశాఖములలో నేరు పారుటకు కారణ మొక్కటే: పడిన నీటిలో కొంత భాగము కొండలోనికి ఇంకి, నెలల తరబడి ఊటలుగా వెలువడుట. ఇంకించునది అడవి. రాలిన యాకులు చినుకు దెబ్బను కాచును. వేళ్లు మట్టిని గుల్లచేసి నీటికి దారి చూపును. ఆ మట్టియు, దానిక్రింద పగుళ్లువారిన రాయియు నీటిని పట్టియుంచును. చెట్లును నీరు త్రాగును. ఆ మాట నిజమే. కాని చెట్లు లేని వాలునందు ఇంకుటయే యుండదు. నీటితోపాటు మట్టియు పోవును. హిమాలయమునకు హిమ మెట్టిదో, మహేంద్రగిరికి అడవి యట్టిది. హిమమునకును అడవికిని ఒక భేదమున్నది. కరగిన హిమమును మనుష్యుడు తిరిగి తేజాలడు; అడవిని కాపాడుట మాత్రము మన చేతిలోని పని.

ఈ సంగతిని కొండవాసులగు సవరలు మనకంటె ముందే యెరుగుదురు. కొండవాలున రాతికట్టలు కట్టి, మెట్లు మెట్లుగా వరిమళ్లు చేసి, ఊటనీటిని పైమడినుండి క్రిందిమడికి దింపు విద్య వారిది. 1955లో సవరలపై గ్రంథమును ప్రకటించిన వెరియర్ ఎల్విన్ వారి జీవితమును విపులముగా వర్ణించెను. అంతకుముందే పర్లాకిమిడిలో నుపాధ్యాయులుగా నుండిన గిడుగు రామమూర్తిపంతులుగారు (1863–1940) సవరభాష నభ్యసించి, 1931లో దాని వ్యాకరణమును, 1938లో నిఘంటువును వెలువరించిరి. ఒక తెలుగు బడిపంతులు కొండవాసుల భాషను నేర్చుకొనుటకు పూనుకొనెననుట, ఈ ప్రాంతపు తెలుగువారు గర్వింపదగిన విషయము.

వాలు చెదరినపుడు ఏమగునో ఇటీవలి చరిత్రయే చెప్పుచున్నది. 2018 అక్టోబరు 11వ తేదీ వేకువను "తిత్లీ" తుపాను పలాస సమీపమున తీరమును దాటెను. దాని కుండపోత వర్షమునకు గజపతి జిల్లాలోని బరాఘర గ్రామపు కొండచరియ విరిగిపడి, వానకు తలదాచుకొన్నవారు పలువురు ప్రాణములు కోల్పోయిరి. అంత వర్షమునకు అడవి యున్నను కొన్ని వాలులు జారవచ్చును. కాని వేళ్లపట్టు లేని వాలునకు ముప్పు మరింత యెక్కువ. హిమాలయమునందును ముప్పు తక్కువ కాదు. 2021 ఫిబ్రవరి 7వ తేదీన చమోలీ జిల్లాలో రాయియు మంచుగడ్డయు కలిసి కూలి, లోయలో వరదయై అనేకులను బలిగొన్నవి. 2023 అక్టోబరు 4వ తేదీన సిక్కింలో దక్షిణ లోనాక్ హిమసరస్సు గట్టు తెగి తీస్తా లోయను ముంచినది. అక్కడ మంచుగడ్డ కదలును. ఇక్కడ తడిసిన మన్ను కదలును.

పర్వత విహారము

పర్వతములను వినోదమునకై ఎక్కు నలవాటు ఐరోపాలో ఆల్ప్స్ పర్వతములందు ప్రబలినది. 1786 ఆగస్టు 8వ తేదీన పకార్, బాల్మా అనువారు మోంబ్లా శిఖరము నెక్కుటతో దానికి నాంది జరిగినదందురు. మనదేశమున పర్వతారోహణమునకంటె పర్వతయాత్ర ప్రాచీనము. కేదార బదరీ గంగోత్రులకు పోవుట పుణ్యమునకై. అందు కనులపండువు కూడ కలిసియున్నది. 1953 మే 29వ తేదీన టెన్సింగ్, హిల్లరీలు ఎవరెస్టు నెక్కిన పిదప, 1954లో దార్జిలింగునందు హిమాలయ పర్వతారోహణ సంస్థ స్థాపింపబడెను. నాటినుండి ఆరోహణము మన యువజనులకును శాస్త్రీయమైన విద్య యైనది.

హిమము నెరుగని మైదానముల బిడ్డ లా విద్యయందు వెనుకబడలేదు. నెల్లూరు సీమకు చెందిన మల్లి మస్తాన్‌బాబు 2006లో ఏడు ఖండముల యున్నత శిఖరములను 172 దినములలో నెక్కెను. 2015లో ఆండీస్ పర్వతములందు మరణించెను. ఒడిశానుండి ఎవరెస్టు నెక్కిన ప్రథమ మహిళ కల్పనా దాస్ 2008లో ఆ శిఖరమును చేరెను. 2019లో మరల నెక్కి దిగుచు అచ్చటనే అసువులు బాసెను. నిజామాబాదు జిల్లాకు చెందిన మాలావత్ పూర్ణ 2014 మే 25వ తేదీన, పదునాలుగేండ్లు నిండకమునుపే, ఆనంద్‌కుమార్‌తో కూడ ఎవరెస్టు శిఖరముపై నిలిచెను. వా రిరువురును సాంఘిక సంక్షేమ గురుకులములందు చదివిన పేదవిద్యార్థులు. వారి తొలి శిక్షణ భువనగిరి కోటబండపై జరిగినది. ఆ బండపై హిమము లేదు, ఎండ యున్నది. అడుగు నిలుపుట, త్రాడు పట్టుట, తోడివానిని నమ్ముట అను మూడు విద్యలకు మన కొండలే మొదటి బడి.

మహేంద్రగిరిపై విహారము మన సంప్రదాయమున రెండు విధములు. ఒకటి శివరాత్రి యాత్ర. ఆ దినమున ఒడియావారు, తెలుగువారు, సవరలు వేలకొలదిగా కొండపై కలియుదురు. ఏ భాషలో మ్రొక్కినను గోకర్ణేశ్వరునికి వినబడును. రెండవది వనభోజనము. కార్తికమాసమున ఉసిరిచెట్టు నీడను వండుకొని తినుట తెలుగువారు తాము పోయిన చోటికెల్ల తీసికొనిపోయిన యలవాటు. బరంపురపు తెలుగు కుటుంబములు నేటికిని దానిని వదలలేదు. ఈ రెండింటికి తోడు, మూడవదిగా, సెలవుదినములలో వాహనములపై వచ్చి చూచిపోవుట ఇటీవల హెచ్చినది.

ఈ మూడు విధముల విహారమునకును కాలము, నేల విధించు నియమములు కొన్ని కలవు. శివరాత్రి మాఘమాసపు చివర వచ్చును. అప్పటికి వర్షములు వెడలి మూడు నాలుగు నెలలైనందున రాలిన యాకు కరకరలాడుచుండును. ఆర్పక విడిచిన యొక్క పొయ్యి కొండవాలు నంతటిని కాల్చగలదు. ఆకుదుప్పటి కాలినచో వచ్చు వర్షము ఇంకదు. ఇక కార్తికము అక్టోబరు నవంబరు నెలలలోనిది. దాని ముందు దసరా సెలవులు. ఈ తీరమునకు తుపానులు వచ్చు కాలము నదియే. 2013 అక్టోబరు 12వ తేదీన గోపాలపురము సమీపమున తీరము దాటిన "ఫైలిన్", 2018 నాటి "తిత్లీ" రెండును దసరా దినములలోనే వచ్చినవి. ఎడతెగని వాన కురిసిన పిదప నాలుగైదు దినములు కొండవాలునకు, ఏటిగర్భమునకు దూరముగా నుండుట వివేకము. హిమాలయ యాత్రికుడు ఆకాశమును చూచి యడుగు వేయును. మహేంద్రగిరి యాత్రికుడు మట్టి తడిని చూచి యడుగు వేయవలెను.

మరియొక చిన్న మాట. మన పెద్దలు వనభోజనమునకు అడ్డాకుల విస్తళ్లు కొనిపోయెడివారు. ఆ యాకు ఈ కొండల తీగెదే. కొండవాసులు కోసి, కుట్టి, సంతలో నమ్మునది. తిని పారవేసినను నెల తిరుగకమునుపే మన్నులో కలిసి మరల నడవికే యెరువగును. నేటి ప్లాస్టిక్ పళ్లెము కలియదు. అది ఊట నోటికి అడ్డుపడును, పశువు కడుపున చేరును, వరదలో బారువ సముద్రము వరకు పోవును. విస్తరిని మరల పట్టుకొన్నచో కొండ శుభ్రపడును, కొండవానికి కూలియు దక్కును.

చేయదగినది

2022లో ఒడిశా ప్రభుత్వము మహేంద్రగిరిని జీవవైవిధ్య వారసత్వ స్థలముగా ప్రకటించినది. ప్రకటన మంచిదే, కాని దాని యర్థము కొండ యెక్కువారికి తెలిసినగాని ఫలింపదు. తెలియజేయు భారము బడులపై కొంత యున్నది. మన ప్రాంతపు తెలుగు బడులలో హిమానీనదముల పాఠమును చెప్పునపుడు, దాని ప్రక్కనే మహేంద్రగిరి పాఠమును చెప్పవలెనని నా విన్నపము. గోముఖమును పటమున చూపి, మహేంద్రతనయను కన్నులార చూపవలెను. వేసవిలో నేటి నీరెంత, వర్షకాలమున నెంత, ఏ ఊట యెన్నడు ఎండినది యనునది పిల్లలచేతనే వ్రాయింపవలెను. ఆ ఊటలకు, వాగులకు, చెట్లకు తెలుగున, ఒడియాన, సవరభాషలో గల పేర్లను ఒక్క పుస్తకమున కూర్పవలెను. ఈ మూడు భాషలు తెలిసిన ముదుసలు లింకను మన నడుమ నున్నారు. బడిలో తెలుగు చదువు పిల్లల సంఖ్య తగ్గుచున్న యీ దినములలో, ఆ పని యాలస్యమైనకొలది పేర్లతోపాటు పేరుగల వస్తువులును మరుపున పడును.

భాషకును కొండకును ఈ విషయమున పోలిక లేకపోలేదు. ఎగువనుండి నిలువ నీరు కరగివచ్చు నదికి వేసవి భయము తక్కువ. మహేంద్రతనయ కట్టి యాధారము లేదు. ఏ యేటి వాన నా యేడే ఇంకించుకొనవలెను. బరంపురము, పర్లాకిమిడి, ఛత్రపురములలోని తెలుగును అట్టిదే. ఏ తరపు పిల్లలకు ఆ తరమున నేర్పినగాని ముందు తరమునకు ఊట యుండదు. కాబట్టి రాబోవు కార్తికమున కొండకు పోవు కుటుంబములు, వనభోజనపు గంపతోపాటు ఒక తెల్లకాగితపు పుస్తకమును పిల్లలచేతి కిచ్చి పంపగోరుచున్నాను. మొదటి పుటలో వ్రాయవలసిన ప్రశ్న యిది: ఈ యేటిలోని నీరు ఎచ్చటినుండి వచ్చుచున్నది?